కొటేషన్ల మధ్య ఏం రాశామో కంపైలరు చూస్తుందా?

ప్రశ్న: నేను విశాఖపట్నంలో ఇంజనీరింగ్ రెండవ సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నగారు ఫిషింగ్ హార్బరులో చేపల వేలం లెక్కలు రాస్తారు. ఆయన కోసం సి భాషలో ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. పడవ పేరు, గంపల సంఖ్య, బరువు అడిగి, చివర మొత్తం బరువు చూపించాలి. బరువుకు దశాంశ సంఖ్యలు దాచే డబుల్ వేరియబుల్ పెట్టి, కీబోర్డు నుంచి విలువను చదివే స్కాన్‌ఎఫ్‌లో %ఎఫ్ అని రాశాను. ఎన్ని కిలోలు ఇచ్చినా మొత్తం 0.00 అనే వస్తోంది. కాలేజీ ల్యాబులో విండోస్ మీద, ప్రోగ్రాంలు రాసుకునే కోడ్‌బ్లాక్స్‌లో, జీసీసీ అనే కంపైలరుతో (ప్రోగ్రాంను యంత్ర భాషలోకి మార్చే పనిముట్టు) కంపైల్ చేసినప్పుడు అది ఒక్క మాట కూడా అనలేదు. అదే ఫైలును మా పెదనాన్నగారి అబ్బాయి తన మ్యాక్‌లో కంపైల్ చేస్తే వార్నింగ్ వచ్చింది. ల్యాబులో అడిగితే, వార్నింగ్ వచ్చినా ప్రోగ్రాం నడుస్తుంది కాబట్టి పట్టించుకోనక్కరలేదన్నారు. కొటేషన్ల మధ్య ఉన్నవి కంపైలరుకు ఉత్త అక్షరాలే కదా, వాటిలో తప్పుందని ఒక కంపైలరుకు ఎలా తెలిసింది? రెండోది ఎందుకు చెప్పలేదు? రసీదు అనే పేరుతో నేను సొంతంగా రాసుకున్న ఫంక్షనుకు కూడా ఈ తనిఖీ ఉంటుందా? పడవల పేర్లు తెలుగులో ఇస్తే రసీదులో నిలువు వరుసలు చెదిరిపోతున్నాయి. అది కూడా ఇలాంటి తప్పేనా?
ఒక విద్యార్థిని, విశాఖపట్నం

సమాధానం: ముందు మీ ప్రోగ్రాం సంగతి చూద్దాం. బరువును చదివే చోట %ఎఫ్ తీసేసి %ఎల్‌ఎఫ్ అని రాయండి, మొత్తం సరిగ్గా వస్తుంది. ఈ సమాధానంలో సంకేతాలను తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. ప్రోగ్రాంలో మాత్రం అవి ఎప్పటిలాగే ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి.

ఒక్క అక్షరం లోపించినందుకు వేలంలో అమ్మిన సరుకంతా సున్నా కిలోలు ఎందుకయిందో చూడండి. డబుల్ వేరియబుల్‌కు మెమరీలో 8 బైట్లు ఉంటాయి. %ఎఫ్ చూసిన స్కాన్‌ఎఫ్, మీరిచ్చిన చిరునామాలో ఫ్లోట్ అనే 4 బైట్ల చిన్న దశాంశ సంఖ్య ఉందని నమ్ముతుంది. మీరు 12.5 అని కొడితే దాన్ని ఫ్లోట్ రూపంలోకి మార్చి మొదటి 4 బైట్లలో పెట్టి తన పని అయిందనుకుంటుంది. మనం వాడే కంప్యూటర్లలో డబుల్ సంఖ్య తాలూకు గుర్తు, ఘాతం చివరి బైట్లలో ఉంటాయి, వాటిని స్కాన్‌ఎఫ్ తాకనే లేదు. మీరు బరువుకు మొదట 0 ఇచ్చి ఉంటారు కాబట్టి అక్కడ సున్నాలే మిగిలాయి. ఇప్పుడు ఆ 8 బైట్లనూ కలిపి డబుల్‌గా చదివితే వచ్చే విలువ దశాంశ బిందువు తర్వాత 314 సున్నాలు దాటితే గాని మొదలుకాదు. అలాంటివి ఎన్ని కూడినా రెండు దశాంశ స్థానాల్లో 0.00 తప్ప మరొకటి కనిపించదు. మొదట 0 ఇవ్వకపోయి ఉంటే ఆ చివరి బైట్లలో ఏ చెత్త ఉంటే దాన్ని బట్టి ఏదో ఒక సంఖ్య వచ్చేది. దీన్నే తలకిందులు చేసి, ఫ్లోట్ వేరియబుల్‌కు %ఎల్‌ఎఫ్ ఇచ్చారనుకోండి, అది ఇంకా ప్రమాదం. 4 బైట్ల చోట 8 బైట్లు రాసి పక్కనున్న వేరియబుల్‌ను చెరిపేస్తుంది.

మరి తెరమీద అచ్చువేసే ప్రింట్‌ఎఫ్‌లో డబుల్‌కు %ఎఫ్ అనే కదా రాస్తున్నాం అని మీకు అనిపించి ఉంటుంది. చాలామంది తడబడేది ఇక్కడే. సి భాషలో ఎన్ని ఆర్గ్యుమెంట్లయినా (అంటే పంపే విలువలు) తీసుకునే ఫంక్షనుకు ఫ్లోట్ విలువను పంపితే అది దారిలోనే డబుల్‌గా మారిపోతుంది. క్యార్, షార్ట్ అనే చిన్న రకాల విలువలు ఇంట్ అనే మామూలు పూర్ణాంకంగా మారతాయి. అందువల్ల ప్రింట్‌ఎఫ్ చేతికి ఫ్లోట్ ఎప్పుడూ రాదు, %ఎఫ్ ఒక్కటే సరిపోతుంది. స్కాన్‌ఎఫ్‌కు మనం పంపేది విలువ కాదు, చిరునామా. చిరునామా దారిలో మారదు కనుక అక్కడ ఉన్నది 4 బైట్లదా 8 బైట్లదా అన్నది మనమే చెప్పి తీరాలి.

ఇక మీ అసలు సందేహానికి వస్తాను. ప్రింట్‌ఎఫ్ డిక్లరేషన్, అంటే అది ఏమేం తీసుకుంటుందో చెప్పే పంక్తి, ఒకసారి చూడండి: మొదటి ఆర్గ్యుమెంట్ ఒక స్ట్రింగ్ (అక్షరాల వరుస), దాని తర్వాత మూడు చుక్కలు. ఆ మూడు చుక్కల స్థానంలో ఏ రకపు విలువలను ఎన్ని పంపినా భాష ఒప్పుకుంటుంది. అయితే ఆ విలువలతో పాటు వాటి రకాల వివరం ఏదీ వెళ్లదు. నడిచే సమయంలో ప్రింట్‌ఎఫ్‌కు ఉన్న ఆధారం ఫార్మాట్ స్ట్రింగ్ అనే ఆ మొదటి స్ట్రింగ్ ఒక్కటే. అందులో %డి కనిపిస్తే ఒక ఇంట్, %ఎస్ కనిపిస్తే ఒక స్ట్రింగ్ చిరునామా, అలా వరుసగా తీసుకుంటూ పోతుంది. మనం రాసింది అబద్ధమైతే దాన్ని పసిగట్టే మార్గం దానికి లేదు. సి ప్రమాణం ఈ పరిస్థితిని నిర్వచించని ప్రవర్తన అంటుంది, అంటే ఫలితం ఎలా ఉండాలో భాష ఏ హామీ ఇవ్వదు. ఉదాహరణకు %డి రాసి 3.5 పంపారనుకోండి. 64 బిట్ల లైనక్స్ మీద, ఇంటెల్ ప్రాసెసర్‌లో, దశాంశ విలువలు ఒక రిజిస్టర్ల (ప్రాసెసర్ లోపలి చిన్న అరల) గుంపులో, పూర్ణాంకాలు మరో గుంపులో వెళతాయి. ప్రింట్‌ఎఫ్ పూర్ణాంకాల రిజిస్టరులో వెతికి, అక్కడ అంతకు ముందు ఏ పని నుంచో మిగిలిపోయిన సంఖ్యను అచ్చువేస్తుంది. 64 బిట్ల విండోస్‌లో దశాంశ విలువను రెండు చోట్లా పెట్టాలన్న నియమం ఉంది కాబట్టి, 3.5 తాలూకు కింది 4 బైట్లు చదివి 0 అని అచ్చువేస్తుంది. ప్రోగ్రాం ఒకటే, తప్పు ఒకటే, యంత్రాన్ని బట్టి జవాబు మారింది. వార్నింగ్ వచ్చినా ప్రోగ్రాం నడుస్తుంది అన్న మాటను నేను ఒప్పుకోలేనిది ఇందుకే. మీ ప్రోగ్రాం కూడా నడిచింది, నడిచి మీ నాన్నగారికి సున్నా చూపించింది.

నా చదువు రోజుల్లో టర్బో సి ఉండేది. అందులో ఇంట్‌కు 2 బైట్లే. ఇంటి అప్పు లెక్క కోసం ఒక ప్రోగ్రాం రాసి, 50,000 రూపాయల అసలును లాంగ్ వేరియబుల్‌లో పెట్టి, అచ్చువేసే చోట మాత్రం %డి అని రాశాను. తెరమీద అసలు -15536 అని, దాని పక్కన నెలల సంఖ్య 0 అని వచ్చాయి. లాంగ్ తాలూకు 4 బైట్లలో మొదటి రెండింటిని మొదటి %డి తీసుకుంది, మిగిలిన రెండు బైట్లను పక్కనున్న %డి తనవనుకుంది, అసలైన నెలల సంఖ్య ఎవరికీ అందకుండా మిగిలిపోయింది. రెండో సంఖ్య కూడా చెడిపోయింది కాబట్టి తప్పు నెలల లెక్కలో ఉందనుకుని రెండు రోజులు అక్కడే వెతికాను. ఆ కంపైలరు ఫార్మాట్ స్ట్రింగ్ లోపలికి చూసేది కాదు.

చూడగలిగే పనిముట్టు మాత్రం అంతకు ముందు నుంచే ఉంది. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ 1970ల చివర్లో లింట్ అనే ప్రోగ్రాం రాశారు. కంపైలరు వదిలేసే అనుమానాస్పదమైన చోట్లను వెతికి చూపడం దాని పని. ఆ తర్వాతి లింట్‌లలో, ఫలానా ఫంక్షను ప్రింట్‌ఎఫ్ లాంటిది అని ఒక వ్యాఖ్య రాసి పెడితే దాని ఆర్గ్యుమెంట్లను ఫార్మాట్ స్ట్రింగ్‌తో సరిచూసే ఏర్పాటు ఉండేది. ఈనాటి కంపైలర్లయిన జీసీసీ, క్లాంగ్ ఆ పనిని తమలోనే కలుపుకున్నాయి.

అవి చేసే పని ఇది. మీరు రాసిన ఫంక్షను పిలుపును కంపైలరు మామూలుగానే విడదీసి, ఒక్కొక్క ఆర్గ్యుమెంట్ రకం ఏమిటో నిర్ణయిస్తుంది. యంత్ర భాషలోకి మార్చడానికి ముందు ఆ రకాలన్నీ దాని చేతిలోనే ఉంటాయి. ఫార్మాట్ స్ట్రింగ్‌ను మీరు కొటేషన్లలో అక్కడే రాశారు కనుక అది కూడా దాని కళ్లముందే ఉంది. పిలిచినది ప్రింట్‌ఎఫ్ లేదా స్కాన్‌ఎఫ్ అని గుర్తించగానే ఆ స్ట్రింగ్‌ను అక్షరం అక్షరంగా చదువుతుంది: శాతం గుర్తు, దాని తర్వాత వెడల్పు, ఎల్ లాంటి పొడవు సూచించే అక్షరం, చివర మార్పిడి అక్షరం. ఏ మార్పిడి అక్షరం ఏ పొడవు అక్షరంతో కలిస్తే ఏ రకం రావాలి, ఆ కలయిక 1989 ప్రమాణంలో ఉన్నదా 1999లో చేరినదా అన్న పట్టికలు జీసీసీ మూలంలోనే ఉన్నాయి. ఆ పట్టిక చెప్పిన రకానికి మీ ఆర్గ్యుమెంట్ రకం సరిపోకపోతే వార్నింగ్ ఇస్తుంది. కంపైలరు ప్రింట్‌ఎఫ్‌ను పేరు పెట్టి ఎరుగుననడానికి మరో రుజువు కూడా ఉంది. శాతం గుర్తు ఏదీ లేకుండా, కొత్త పంక్తి గుర్తుతో ముగిసే స్ట్రింగ్‌ను ప్రింట్‌ఎఫ్‌కు ఇస్తే జీసీసీ సాధారణంగా దాన్ని, స్ట్రింగును ఉన్నదున్నట్టు అచ్చువేసే పుట్స్ పిలుపుగా మార్చేస్తుంది.

ఇదంతా కంపైలరు తనంతట తాను చేసే సాయం. సరిచూసి తీరాలని సి ప్రమాణం దాన్ని నిర్బంధించదు. మీ రెండు యంత్రాల మధ్య తేడా ఇక్కడినుంచే వచ్చింది. మ్యాక్‌లో ఉన్నది క్లాంగ్, అక్కడ జీసీసీ అని కొట్టినా మామూలుగా నడిచేది క్లాంగే. అది ఫార్మాట్ తనిఖీని అడగకుండానే చేస్తుంది. జీసీసీలో తనిఖీ ఉన్నా, -డబ్ల్యూఫార్మాట్ అని గాని, దాన్ని కలుపుకున్న -డబ్ల్యూఆల్ అని గాని ఆప్షను ఇచ్చి అడిగితేనే మాట్లాడుతుంది. ఉబుంటు లైనక్స్‌లో ఇచ్చే జీసీసీలో మాత్రం ఈ వార్నింగులు ముందే ఆన్ చేసి ఉంటాయి, అందువల్ల లైనక్స్ వాడే మీ స్నేహితులకు ఈ వార్నింగ్ కనిపించి ఉండవచ్చు. ల్యాబులో కోడ్‌బ్లాక్స్ కంపైలర్ సెట్టింగుల్లోకి వెళ్లి -డబ్ల్యూఆల్ పక్కన టిక్ పెట్టండి. నా సలహా అడిగితే -డబ్ల్యూఎర్రర్=ఫార్మాట్ కూడా చేర్చమంటాను. అప్పుడు ఫార్మాట్ తప్పు ఉన్న ఫైలు కంపైలే కాదు.

ఆ వార్నింగును చదవడం అలవాటు చేసుకోండి. మీ విషయంలో జీసీసీ చెప్పేది ఇది: %ఎఫ్ అనే ఫార్మాట్, ఫ్లోట్ పాయింటర్ (ఫ్లోట్ చిరునామా) రకపు ఆర్గ్యుమెంటును ఆశిస్తోంది, కాని రెండవ ఆర్గ్యుమెంట్ డబుల్ పాయింటర్. కింద మీ పంక్తినే మళ్లీ చూపించి, %ఎఫ్ కింద గీత గీసి, దాని స్థానంలో రాయవలసిన %ఎల్‌ఎఫ్‌ను కూడా సూచిస్తుంది. పడవ పేరును 50 అక్షరాల శ్రేణిలోకి చదువుతూ %ఎస్‌కు &పేరు అని ఇచ్చినా ఇలాగే చెబుతుంది, శ్రేణి పేరే దాని చిరునామా కనుక అక్కడ & అవసరం లేదు. ఇంకొక సంగతి నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది. రసీదు మీద 10 అంకె, శాతం గుర్తు, ఒక ఖాళీ, ఆ తర్వాత ఇంగ్లీషులో డిస్కౌంట్ అని నేరుగా రాశారనుకోండి. శాతం తర్వాత ఖాళీ ఉండడం ఫార్మాట్‌లో చెల్లుతుంది, డిస్కౌంట్ మొదటి అక్షరం డి కాబట్టి ప్రింట్‌ఎఫ్ దాన్ని ఇంట్ అడిగే సంకేతంగా తీసుకుని, లేని ఆర్గ్యుమెంట్ కోసం వెతుకుతుంది. తనిఖీ ఆన్‌లో ఉంటే కంపైలరు దీన్ని కూడా పట్టిస్తుంది. అచ్చంగా శాతం గుర్తే కావాలంటే దాన్ని రెండుసార్లు రాయాలి.

కంపైలరుకు కనిపించనివి కూడా చెప్పాలి. ఫార్మాట్ స్ట్రింగ్ కొటేషన్లలో అక్కడే లేకుండా, నడిచే సమయంలో ఒక వేరియబుల్ నుంచి వస్తే అది చదవడానికి ఏమీ లేదు. ముఖ్యంగా, వాడుకరి కొట్టిన పేరును నేరుగా ప్రింట్‌ఎఫ్(పేరు) అని ఎన్నడూ రాయకండి. ఆ పేరులో శాతం గుర్తులు ఉంటే అవి ఆజ్ఞలవుతాయి. %ఎన్ అనే సంకేతం అచ్చువేయడానికి బదులు, అప్పటిదాకా అచ్చయిన అక్షరాల సంఖ్యను మెమరీలో రాస్తుంది. అంటే బయటివారు పంపిన మాటలు మీ ప్రోగ్రాం మెమరీని మార్చగలవు. 2000లో డబ్ల్యూయూ-ఎఫ్‌టీపీడీ అనే ఫైళ్ల బదిలీ సర్వరులో బయటపడిన లోపం సరిగ్గా ఇదే, దూరంనుంచే యంత్రం మీద పూర్తి అధికారం దక్కించుకోవడానికి అది దారి ఇచ్చింది. ప్రింట్‌ఎఫ్("%ఎస్", పేరు) అని రాస్తే ఆ చిక్కు లేదు. -డబ్ల్యూఫార్మాట్=2 అని ఇస్తే, కొటేషన్లలో లేని ఫార్మాట్ ఎక్కడ కనిపించినా కంపైలరు మీకు చెబుతుంది.

స్కాన్‌ఎఫ్‌లో %ఎస్ రాసి 50 బైట్ల శ్రేణి ఇస్తే రకాలు సరిపోయాయి కాబట్టి కంపైలరు ఏమీ అనదు, కాని అంతకంటే పొడవైన పేరు కొడితే శ్రేణి దాటి రాసేస్తుంది. %49ఎస్ అని హద్దు పెట్టండి, చివరి బైటు స్ట్రింగ్ ముగింపుకు కావాలి. అదీగాక %ఎస్ ఖాళీ దగ్గర ఆగిపోతుంది. పడవ పేరు గంగమ్మ తల్లి అయితే గంగమ్మ మాత్రమే చదివి, తల్లిని తర్వాతి %డి కోసం వదిలేస్తుంది, అది అంకె కాదు కాబట్టి గంపల సంఖ్య చదవడమే ఆగిపోతుంది. పేర్లకు, పంక్తి మొత్తాన్ని చదివే ఎఫ్‌గెట్స్ వాడడం మంచిది. ఎన్ని విలువలు చదవగలిగిందో స్కాన్‌ఎఫ్ తిరిగి ఇచ్చే సంఖ్యను కూడా ప్రతిసారీ చూసుకోండి.

మీ రసీదు ఫంక్షను విషయానికి వస్తే, దానికి తనిఖీ దానంతట అది రాదు. మూడు చుక్కలతో మీరు రాసిన ఫంక్షను, తన మొదటి స్ట్రింగును లోపల ప్రింట్‌ఎఫ్ తరహాలోనే అచ్చువేసే విప్రింట్‌ఎఫ్‌కు అందిస్తుందని కంపైలరు ఊహించదు. దాని డిక్లరేషన్ పక్కన జీసీసీ, క్లాంగ్ రెండూ గుర్తించే ఒక అట్రిబ్యూట్ (కంపైలరుకు ఇచ్చే సూచన) రాయాలి: ఫార్మాట్(ప్రింట్‌ఎఫ్, 1, 2). మొదటి మాట ఏ ఫంక్షను నియమాల ప్రకారం చూడాలో చెబుతుంది. 1 అంటే ఫార్మాట్ స్ట్రింగ్ మొదటి ఆర్గ్యుమెంట్ అని, 2 అంటే సరిచూడవలసిన విలువలు రెండవ ఆర్గ్యుమెంట్ నుంచి మొదలవుతాయని అర్థం. మీ రసీదు ఫంక్షను మొదట ఫైల్ పాయింటర్, తర్వాత ఫార్మాట్ తీసుకునేలా ఉంటే ఆ సంఖ్యలు 2, 3 అవుతాయి. ఈ ఒక్క పంక్తి చేర్చాక రసీదును పిలిచిన ప్రతి చోటా ప్రింట్‌ఎఫ్‌కు జరిగే తనిఖీయే జరుగుతుంది. పెద్ద ప్రోగ్రాముల్లో ఇలాంటి సొంత ఫంక్షన్లే ఎక్కువ కాబట్టి, ఈ పంక్తిని మొదటి రోజే రాసి పెట్టుకోమని నేను గట్టిగా చెబుతాను.

రసీదులో మాటలన్నీ తెలుగు, ఇంగ్లీషు రెండింటిలో రావాలని మీకు ముందు ముందు అనిపించవచ్చు. ఇంగ్లీషులో గంపల సంఖ్య ముందు, పడవ పేరు తర్వాత వస్తే, తెలుగు వాక్యంలో ఆ వరుస తిరగబడుతుంది. దానికోసం లైనక్స్, మ్యాక్‌లలో %2$ఎస్, %1$డి అని ఎన్నవ ఆర్గ్యుమెంట్ కావాలో అంకెతో చెప్పవచ్చు. సి ప్రమాణంలో ఇది లేదు, యూనిక్స్ తరహా వ్యవస్థల కోసం ఉన్న పోసిక్స్ ప్రమాణంలో ఉంది. ఒక్క స్ట్రింగ్‌లో ఇలా మొదలుపెడితే అన్నింటికీ అంకెలు ఇవ్వాలి. అనువాదాలు వేరే ఫైలులో ఉంటే కంపైలరుకు అవి కనిపించవు, అప్పుడు అనువాదాల కోసం వాడే గెట్‌టెక్స్ట్‌తో వచ్చే ఎంఎస్‌జీఎఫ్ఎంటీ అనే పనిముట్టు అసలు స్ట్రింగునూ అనువాదాన్నీ పక్కపక్కన పెట్టి సరిచూడగలదు.

చివరిగా, నిలువు వరుసలు చెదరడం. అది రకాల తప్పు కాదు, ఏ వార్నింగూ దాన్ని పట్టదు. %20ఎస్ అంటే 20 బైట్ల వెడల్పు, 20 అక్షరాలని కాదు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకూ విడివిడిగా 3 బైట్లు పడతాయి. విశాఖపట్నం అనే మాటలో అలాంటివి 10, అంటే 30 బైట్లు. 20 ఎప్పుడో దాటిపోయింది కాబట్టి ప్రింట్‌ఎఫ్ ఒక్క ఖాళీ కూడా చేర్చదు. ఇంగ్లీషులో రాసిన 5 అక్షరాల పేరుకు మాత్రం 15 ఖాళీలు చేరుస్తుంది. %.10ఎస్ అని కత్తిరిస్తే మరీ అన్యాయం: వి, శా మొదలు వరకు మూడు గుర్తులు వచ్చి, నాలుగో గుర్తులో ఒక్క బైటు మిగిలి తెరమీద విరిగిన ముక్క కనిపిస్తుంది. పైన చెప్పిన %49ఎస్ కూడా తెలుగులో 16 గుర్తులకే సరిపోతుంది కనుక ఆ శ్రేణిని 200 బైట్లకు పెంచి, హద్దును %199ఎస్ చేయండి. బైట్లు సరిగ్గా లెక్కపెట్టినా తెలుగు అక్షరాల వెడల్పు ఫాంటును బట్టి మారుతుంది కాబట్టి ఖాళీలతో వరుస కుదరదు. అందుకే గంపలు, బరువు, ధర ముందు అచ్చువేసి, పడవ పేరును ప్రతి పంక్తికీ చివర పెట్టండి. దాని తర్వాత సరిచేయవలసిన వరుస ఏదీ ఉండదు, అంకెలన్నీ ఒకదాని కింద ఒకటి నిలబడతాయి.